రెండు చెంపల పరీక్ష

బావమరిదికి,

మీ అక్కా, నేనూ, నా పుస్తకాల బైండింగు కొట్టూ కులాసా. మీ ల్యాబు వాళ్ల డబ్బాలు చేరి నెలైంది. నువ్వు చెప్పినట్టే ఎర్ర చీటీ జెల్ ఎడమ చెంపకి, నీలం చీటీది కుడి చెంపకి పూస్తున్నాను. నల్ల మచ్చలు మాత్రం మొండి అద్దెవాళ్లలా కదలడం లేదు. ఒక డబ్బాలో నానో రేణువులుంటాయనీ, వెంట్రుకలో వెయ్యో వంతు ఉండి మందును చర్మం లోపలికి మోసుకెళతాయనీ అన్నావు. కంటికి కనబడనివి డబ్బాలో లేకపోయినా కనబడవు కదురా. ఈ వారం ఫోటో జతచేశాను.

ఇట్లు,
మచ్చలతో సహా నీ బావ

తా.క. మందు మహా పట్టు. పూసిన పావుగంటకి ముఖం అట్టలా బిగుస్తోంది. నిన్న నవ్వితే చెంప చిటపటమంది.

---

బావగారికి నమస్కారాలు.

మీ ఫోటో చూసి మా డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. రెండు చెంపల మీదా తెల్లగా పొరలు లేస్తున్నాయి. ఈ పరీక్షలో ఉన్న మిగతా పంతొమ్మిది మందిలో ఎవరికీ ఇలా లేదు. జెల్ చర్మాన్ని కాలుస్తోందేమోనని శుక్రవారం పరీక్ష మొత్తం ఆపేస్తారట. మూడేళ్ల పని. 'మా బావ నమ్మకస్తుడు' అని సంతకం పెట్టింది నేను, కాబట్టి ముందు పోయేది నా ఉద్యోగం. నానో ఏ డబ్బాలో ఉందో నాకూ తెలియదు, ఆ వివరం సీలు వేసిన కవరులో ఉంది. పూయడం వెంటనే ఆపండి. డబ్బాలతో ఏం చేశారో నిజం చెప్పండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్కకు చెప్పకండి. కంగారుపడుతుంది.

---

ఒరేయ్ బావమరిదీ,

చేశాను. రెండో రోజే ఆవిరి పట్టి చీటీలు ఊడదీసి, ఎర్రది నీలం డబ్బాకి, నీలంది ఎర్ర డబ్బాకి అంటించాను. ఒక్క అంచు చిరగలేదు, ముప్ఫై ఏళ్ల బైండరును. చదువుకున్నవాళ్లు కనిపెడతారో లేదో చూద్దామనుకున్నాను. కానీ చీటీ మారితే చెంప మారాలి గాని తోలు ఊడటమేంట్రా? శుక్రవారం వచ్చి డాక్టరమ్మ ముందు రెండు చెంపలూ పెడతాను. చూస్తారో వాయిస్తారో ఆవిడ ఇష్టం.

ఇట్లు,
బుద్ధి వచ్చిన బావ

తా.క. మీ అక్కకు చెప్పలేదు. నీ ఉత్తరం మాత్రం పొద్దున్నుంచి కనబడటం లేదు.

---

తమ్ముడూ,

నీ ఉత్తరం నా దగ్గరుంది. నాకేమీ కంగారు లేదు. నాకూ చెంపల నిండా మంగు ఉంది, ఒక జత పంపరా అంటే ఇది మగవాళ్ల పరీక్ష అన్నావు. 'నీ ముఖం నాకు అలవాటైపోయిందిలే' అన్నారు మీ బావ. డబ్బాలు వచ్చిన రోజే జెల్ వేరే సీసాల్లోకి తీసి, ఎర్ర, నీలం గుర్తులు పెట్టుకుని, నీ పద్ధతిలోనే నేను పూసుకుంటున్నాను. ఆయన డబ్బాల్లో వారం వారం నింపింది కొట్టులోని మైదా జిగురు, గులాబీ నీళ్లు రెండు చుక్కలు కలిపి. ముప్ఫై ఏళ్లుగా చేత్తో కలిపేదాన్ని ముఖం మీద గుర్తుపట్టలేకపోయారు. ఊడుతున్నది తోలు కాదు. ఆయన ముఖం గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోయింది.

నీ మెడకు చుట్టుకుంటుందని మాత్రం అనుకోలేదురా. శుక్రవారం పొద్దున్నే నేనే వచ్చి మీ డాక్టరమ్మకు అంతా చెబుతాను. తిడితే పడతాను. కవరు తెరవకముందే నానో ఏ డబ్బాలో ఉందో కూడా చూపిస్తాను. కుడి చెంప మంగు అలాగే ఉంది, ఎడమది సగం పోయింది.

ఇట్లు,
ఎడమ వైపు నుంచి చూడదగిన మీ అక్క

తా.క. ఈ ఉత్తరం కవరు అంటిద్దామంటే కొట్టులో జిగురు లేదు. మీ బావ ముఖానికే సరిపోయింది. దారం కట్టి పంపుతున్నాను.