గొడుగు ఇంట్లోనే ఉంచండి

11, సోమవారం. ఉదయం 10

నా కాలమ్ పేరు ‘ఈరోజు నగరంలో’. రెండో పేజీ, ఎడమ పక్క, అరచెయ్యంత బాక్సు. అందులో మూడు ముక్కలు: సంస్కృతి, క్రీడలు, వాతావరణం. ఎక్కడ ఏ ప్రదర్శన, ఏ గ్రౌండ్‌లో ఏ మ్యాచ్, ఎండా వానా. చివర్లో ఒక్క వాక్యం నా సొంతం. గొడుగు మరవకండి అనో, గొడుగు ఇంట్లోనే ఉంచండి అనో. పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నా. పేరు వెయ్యరు. వెయ్యమని నేనూ అడగలేదు.

ఇన్నేళ్లలో నేను వెళ్లమన్న చోటికి నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఆఫీసు మధ్యాహ్నం రెండింటికి. లేచేసరికి తొమ్మిది. సెలవు రోజు బట్టలుతుక్కుని పడుకుంటా. ఒక్కడినే వెళ్లి బొమ్మల ముందు నిలబడి, ఎంత బావుందో చూడు అని ఎవరితో అనాలి?

నిన్న ఆదివారం మొత్తం మీద ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడే గుర్తుచేసుకుని చూశా. పాలాయనతో కూడా లేదు. ప్యాకెట్ తలుపుకి తగిలించి పోయాడు.

12, మంగళవారం

వాతావరణం ఆఫీసు గుమస్తాకి దగ్గింకా తగ్గలేదు. రోజూ నాలుగింటికి ఫోన్ చేస్తే ముందు దగ్గు, తర్వాత ఉష్ణోగ్రత. ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. రోజూ తప్పకుండా నాతో మాట్లాడే మనిషి మాత్రం ఆయనొక్కడే.

~~14~~ 13, బుధవారం. సాయంత్రం 5:40, ఆఫీసులో

తేదీ తప్పు వేసి కొట్టేశా. ఇక్కడ కూర్చుని రాస్తే ఇంతే. మా డెస్క్ గోడ మీద ఒక బోర్డు ఉంది. మధ్యాహ్నం రాగానే అటెండర్ దాన్ని తుడిచి రేపటి తేదీ రాస్తాడు. మేం తయారుచేసేది రేపటి పేపరు కాబట్టి మాకు ఈరోజంటే రేపు, నిన్న అంటే ఇవాళ. కొత్తగా చేరినవాళ్లకి వారం దాకా తల తిరుగుతుంది. ఆ తర్వాత వాళ్లింట్లో వాళ్లకి తిరుగుతుంది. నా ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆ బాధ లేదు.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రాక ఈ సోదంతా రాస్తున్నా.

అక్క ఫోన్ చేసింది.

పదకొండేళ్ల తర్వాత. పేపర్లో అడుగున వేసే ఆఫీసు నంబర్‌కి చేసింది. హలో అంటే, ఒరేయ్ నేనేరా అంది. ఏ నేను అని అడగాల్సిన పని లేదు.

కళ్లలో శుక్లాలు ముదిరాయట. కూతురి దగ్గరికెళ్లి ఆపరేషన్ చేయించుకుంటుందట. దారిలో ఇక్కడ బండి మారాలి. ఎల్లుండి పొద్దున ఆరూ పదికి దిగుతుంది, సాయంత్రం ఏడింటికి ఇంకో బండి. మధ్యలో పగలంతా ఖాళీయే కదా, కళ్లు కోయించుకునే లోపు ఆ ఊరేదో నాకూ చూపించరా, రోజూ లోకానికంతా చెప్తావుగా అంది. ఆ బాక్సు రాసేది నేనని నీకెలా తెలుసక్కా అన్నా. గొడుగు గురించి అంత నస పెట్టేవాడు మన వంశంలో ఇంకెవడున్నాడ్రా అంది. ఇన్నేళ్లూ రోజూ చదువుతోందట. ఇప్పుడు భూతద్దం పెట్టుకుని మరీ. గొడుగు మాట కనపడితే, సరే, వీడు బతికే ఉన్నాడు అనుకునేదట. అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సెల్ లేదట. కనపడి చావదని కూతురికే ఇచ్చేసిందట. నా నంబర్ చెప్పబోతే, ఎక్కడ రాసుకోను, నువ్వు స్టేషన్‌కి వచ్చేయ్, చాలు అని పెట్టేసింది.

బోర్డు చూసి ప్యాడ్ మీద రాసుకున్నా. 16, శనివారం, 6:10. చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టా.

బావ పోయిన రోజు సిటీలో పెద్ద పరుగు పందెం. నా నెత్తిన రెండు పేజీలు. వదిలేసి లేస్తే సాయంత్రం బండి అందేది. పేజీ ఇచ్చేసి వెళ్దాంలే అనుకున్నా. బండి వెళ్లిపోయింది. ఇంక వెళ్లినా అంతా అయిపోయుంటుందని ఆగిపోయా. వారమయ్యాక వెళ్లడానికి మొహం చెల్లలేదు. నెలయ్యాక అసలే చెల్లలేదు. అక్క నన్ను రావద్దని ఒక్కనాడూ అనలేదు. రాకుండా ఉన్నది నేనే. శనివారం ఆ మాట చెప్పేయాలి. తప్పయిపోయిందక్కా అని. ఊరు చూపించడం ఉత్త వంక.

14, గురువారం. ఉదయం 11:30, మ్యూజియం మెట్ల మీద

మొదటిసారి వచ్చా. ఎల్లుండి మనిషి వస్తోందంటే దారి చూసుకోకపోతే ఎలా.

పాత పటాల ప్రదర్శన నడుస్తోంది. అక్క కోసమే పెట్టినట్టుంది. చిన్నప్పుడు అది సుద్దముక్కతో ఇల్లంతా మా వీధి పటం గీసేది. కుక్క ఎక్కడ పడుకుంటుందో కూడా అందులో ఉండేది. నేను ఆ గీసిన దారుల మీదే నడవాలి, గీత దాటితే మొట్టికాయ.

ముందు గేటు నుంచి నలభై రెండు మెట్లు. వెనక గేటు నుంచి ఆరే. టికెట్లిచ్చే ఆవిడ నవ్వింది. ముందు గేటు నుంచి మోకాళ్లు పట్టుకుంటూ వచ్చారంటే పేపర్ చూసి వచ్చినట్టేనట, పేపర్లో ఎవడో ముందు గేటనే రాస్తాడట. ఆ ఎవడో నేనేనని చెప్పలేదు.

మ్యూజియం అయ్యాక వాలీబాల్. ఇండోర్ స్టేడియంలో ఆడవాళ్ల సెమీఫైనల్. స్కూల్లో అక్క కెప్టెన్. నాది గోడ అవతల పడ్డ బంతి తెచ్చే ఉద్యోగం. కళ్లు సరిగ్గా కనపడవు కాబట్టి ముందు వరస టికెట్లు రెండు తీసుకున్నా.

నా చేతిలో రెండు టికెట్లు పడడం ఎన్నేళ్లయిందో.

14, గురువారం. సాయంత్రం 6

ఇన్‌చార్జిని శనివారం సెలవడిగా. ఒంట్లో బాలేదా అన్నాడు. మా అక్కొస్తోందన్నా. నీకు అక్కుందా అన్నాడు.

గుమస్తాకి ఫోన్ చేసి, శనివారం ఉరుములుంటాయా అని అడిగా. అక్కకి ఎవరన్నా భయం లేదు గానీ ఉరుమంటే చెవులు మూసుకుని మంచం కింద దూరేది. ఎప్పుడూ మర్నాటి సంగతే అడుగుతారు, ఇవాళేంటండీ రెండ్రోజుల అవతలకి వెళ్లారు అన్నాడు. చెప్పా. కాసేపు దగ్గాడు. దగ్గి, శనివారం పొడిగానే ఉంటుందండీ, నిశ్చింతగా తిరగండి అన్నాడు. ఆ సంతోషంలో ఫోన్ పెట్టేశా. శుక్రవారం సంగతి అడగలేదు. మళ్లీ చేస్తే ఎంగేజ్.

రేపటి బాక్సుకి ఇంక టైమ్ లేదు. పోయినేడాది ఇదే వారం బాక్సు తీసి తేదీ మార్చి దింపేశా. టౌన్‌హాల్లో ఫొటోల ప్రదర్శన, మార్కెట్ వెనక గ్రౌండ్‌లో ఫుట్‌బాల్. ఏటా ఉండేవే. కింద, గొడుగు ఇంట్లోనే ఉంచండి. ఒక్క రోజుకి ఏం మునిగిపోతుంది.

15, శుక్రవారం. ఉదయం 9:30

ఇల్లు కడిగా. కిటికీ తలుపు ఊడొచ్చింది, మళ్లీ పెట్టా. ఇంట్లో కప్పు ఒక్కటే ఉందని ఇవాళే గమనించా. ఇంకోటి కొన్నా. రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు చూస్తూ కూర్చున్నా. ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు.

15, శుక్రవారం. మధ్యాహ్నం 3:30

కుండపోత. ఒకటే ఉరుములు. పోనీలే, ఇవాళే కురిసి వదిలిపోతే రేపు హాయిగా ఉంటుంది. నా మాట నమ్మి గొడుగు లేకుండా బయల్దేరినవాళ్లు ఎవరో, నన్ను తిట్టుకుంటూ ఉంటారు పాపం.

16, శనివారం. ఉదయం 5:35, స్టేషన్

చొక్కా ఇస్త్రీ చేసుకున్నా. అక్కా తప్పయిపోయింది. అక్కా, తప్పు నాదే. రెండోది బావుంది.

ఉదయం 6:40

బండి టైమ్‌కే వచ్చింది. దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. పెట్టె పెట్టెకీ వెళ్లి చూశా. కళ్లు కనపడవు కదా, నిద్రపట్టి దిగలేదేమో.

ఉదయం 9:50

ఇంకో మూడు బళ్లు వచ్చాయి. కాలుగాలిన పిల్లిలా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగా. పేరు పెట్టి మైకులో పిలిపించా. ఎవరూ రాలేదు. రానని అనుకుందేమో. ఆ రోజు నేను చేసింది నాకే చేసి చూపించిందేమో. చేస్తే తప్పేముంది.

16, శనివారం. ఉదయం 11:15, ఆఫీసు

ఇంటికి వెళ్లాలంటే ఆ రెండు కప్పులూ గుర్తొచ్చి ఇటొచ్చా. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే నాకు తెలిసిన చోటు ఇదొక్కటే.

పొద్దుటి వాచ్‌మన్ లేచి నిలబడి, నిన్న మీ అక్కగారు కలిశారా సార్ అన్నాడు.

నిన్న.

నిన్న ఎనిమిదింటికి స్టేషన్ నుంచి ఫోన్ చేసిందట. సార్ రెండింటికి గానీ రారమ్మా అన్నాడట. సరేలే బాబూ, వాడి పని పాడుచెయ్యకు అని పెట్టేసిందట. డ్యూటీ పన్నెండింటికి అయిపోయింది, మీకు చెప్పడం కుదర్లేదు సార్ అన్నాడు.

బుధవారం ఎల్లుండి అంటే శుక్రవారం. మూడో తరగతి పిల్లలకి తెలుసు. నేను బోర్డు మీద 14 చూసి అక్కడినుంచి లెక్కపెట్టా. ఊరంతటికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

ఇప్పుడు బోర్డు మీద 16 ఉంది. పొద్దుటి పూట మాత్రమే అది నిజం చెప్తుంది. అప్పుడు దాన్ని చూడ్డానికి వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు.

17, ఆదివారం

ఎవరితోనూ మాట్లాడలేదు.

18, సోమవారం

శనివారం మీ అక్కగారు బాగా తిరిగారా అని గుమస్తా అడిగాడు. బాగా తడిసింది అన్నా. శనివారం చుక్క పడలేదే అని ఆయన అంటుండగానే ఏడుపొచ్చి ఫోన్ పెట్టేశా. ఉష్ణోగ్రత రాసుకోలేదు. నిన్నటిదే వేశా.

19, మంగళవారం. సాయంత్రం 5, ఆఫీసు

అక్క ఫోన్ చేసింది, కూతురింటి నుంచి. ఆపరేషన్ రేపట.

ఎందుకు రాలేదురా అని అడగలేదు. నేనే బోర్డు సంగతి చెప్పా. లైన్ పోయిందనుకున్నా. నవ్వుతోంది, ఊపిరి తిప్పుకోలేక. మొద్దు వెధవా, ఊళ్లో వాళ్లందరికీ రోజు చెప్పే ఉద్యోగం నీకెవడిచ్చాడ్రా అంది.

మరి ఆ రోజంతా ఎక్కడున్నావక్కా అన్నా. చెప్పింది. స్టేషన్‌లో పేపర్ కొందట. పక్కన కూర్చున్నావిడ చేత నా బాక్సు చదివించుకుందట. వీడు రాసినచోట వీడుంటాడు, చూసిరాకుండా ఎలా రాస్తాడు అనుకుందట. ఆటో ఎక్కి టౌన్‌హాల్‌కి వెళ్లింది. సున్నాలేస్తున్నారు, తాళం. ఆ మెట్ల మీద పన్నెండు దాకా కూర్చుంది. తర్వాత మార్కెట్ వెనక గ్రౌండ్‌కి వెళ్లింది. మ్యాచ్ లేదు, మనిషి లేడు, ఒక గాడిద మేస్తోందట. మూడింటికి వాన. గొడుగు పెట్టెలో ఉండేదట, వీడు వద్దన్నాడుగా అని పెట్టెతోపాటు స్టేషన్‌లోనే వదిలేసి వెళ్లిందట.

ఉరుములో అక్కా అన్నా.

చెవులు మూసుకున్నా, స్కోర్‌బోర్డ్ కింద నిలబడ్డా, మంచం లేదుగా అంది.

తప్పు నాదే అని చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి, జలుబు చేసిందా అని బయటికొచ్చింది. చేసిందిలే అంది. ఎదురుగా లేకుండా ఆ మాట చెప్పడం నాకు చేతకావడం లేదు.

తిరుగు ప్రయాణంలో బండి ఇక్కడ నలభై నిమిషాలు ఆగుతుందట. 27, బుధవారం, మధ్యాహ్నం 3:50. తేదీ మూడుసార్లు చెప్పించుకున్నా. ఎల్లుండీ ఆవలెల్లుండీ ఏం వద్దు, అంకె చెప్పక్కా అన్నా. రేపటి తర్వాత కొత్త కళ్లతో ముందు నీ బాక్సే చదువుతా, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయి అంది.

22, శుక్రవారం

టౌన్‌హాల్‌కి వెళ్లి చూశా. సున్నాలు అయిపోయాయి. గ్రౌండ్‌కీ వెళ్లా. గాడిద ఉంది. స్కోర్‌బోర్డ్ కింద ఎంత చోటుందని నిలబడి చూశా. ఒక మనిషి నిలబడినా సగం తడుస్తారు.

26, మంగళవారం. సాయంత్రం 7

రేపటి బాక్సు ఇచ్చేశా. ఇన్‌చార్జి చదవకుండా సంతకం పెట్టాడు. పద్దెనిమిదేళ్లుగా అంతే, చదవడు. మొదటిసారి నాకు అది కలిసొచ్చింది.

27, బుధవారం. మధ్యాహ్నం 3:35, నాలుగో నంబర్ ప్లాట్‌ఫాం

ఇవాళ తేదీ ఎంత అని పోర్టర్‌ని అడిగా. పుస్తకాల షాపాయన్నీ అడిగా. ఇద్దరూ 27 అన్నారు.

ఇవాళ్టి బాక్సు: స్టేషన్, నాలుగో నంబర్ ప్లాట్‌ఫాం, మధ్యాహ్నం 3:50. పదకొండేళ్ల కిందట రావాల్సిన ఒక తమ్ముడు తన అక్కకి తప్పు ఒప్పుకుంటాడు. ప్రవేశం ఉచితం. మబ్బుగా ఉంటుంది. గొడుగు అతనే తెస్తాడు.

నేను కాక ఇంకో నలుగురొచ్చారు, పేపర్ పట్టుకుని. ఏం కార్యక్రమమో అర్థం కాక చుట్టూ చూస్తున్నారు. వాళ్లలో ఒక పొట్టాయన ఇందాకటినుంచి దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు.

3:51

బండి ఆగుతోంది. తలుపు దగ్గర నల్లకళ్లద్దాలు. చేతిలో చుట్టచుట్టిన పేపరు, నన్ను కొట్టడానికి ఎత్తిపట్టుకుని.