డ్రోన్ కాలికి కట్టిన దారం

తార్నాక, ఆదివారం రాత్రి

నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

సాయంత్రం శ్రీనుగాడితో యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్లి డ్రోన్ ఆట మొదలుపెట్టాను. చెట్ల మధ్య నుంచి దేనికీ తగలకుండా ఎవరు తిప్పుకొస్తే వాళ్లు గెలిచినట్టు. నా వంతులో, రిమోట్ తెర మీద కెమెరా చూపించే దృశ్యం ఉన్నట్టుండి గిర్రున తిరిగింది. తెర మీద ఆకాశం, కొమ్మలు, ఆ తర్వాత ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండు పిలకలు. మరుక్షణం తెర నల్లబడింది.

"అరే, కింద పాప ఉన్నదిరా!" అని శ్రీను అరిచాడు.

పరుగెత్తాం. పాప చెప్పులకు జానెడు దూరంలో పడి ఉంది డ్రోన్. పాప నవ్వుతోంది. వాళ్లమ్మ మాత్రం పాపను చంకనెత్తుకుని గబగబా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఒక రెక్కకి నల్ల దారం చుట్టుకుని ఉంది. కొత్త బండికి కట్టినట్టు, దిష్టి తగలకూడదని అమ్మ డ్రోన్ కాలికి కట్టిన దారం. దాని కొస వేలాడుతోందని పొద్దునే చూశాను. కత్తిరిస్తే అమ్మ బాధపడుతుందని ఊరుకున్నాను.

ఇంటికొచ్చి, డ్రోన్ పడిందని, పాపకి తగలబోయి తప్పిందని చెప్పాను. దారం సంగతి చెప్పలేదు.

"చూసినవా బిడ్డా, దారం ఉన్నది గాబట్టే పాపకు ఏం కాలే," అంది అమ్మ. లోపలికి వెళ్లి ఇంకో దారం తెచ్చి, రెండో కాలికీ కట్టింది.

ఇందాక కత్తెర తీశాను. దారానికి ఆనించాను కూడా. అమ్మ అన్నదే నిజమైతే? ఆ రెండు పిలకలు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. కత్తెర అలాగే పట్టుకుని కూర్చున్నాను...