గూళ్ళకొండకు కొట్టిన సున్నం

రాజాం

ఒరే తిరుమలరావూ,

1983లో గూళ్ళకొండ మెట్ల మీద కూర్చుని, నా చేతిలో చెయ్యి వేసి చెప్పావు: "ఆఫీసరు వచ్చీదాకా గుహల మీద ఎవడి చెయ్యీ పడనివ్వన్రా." అప్పుడు నువ్వు ఊరికి సర్పంచివి, నేను బడిపంతుల్ని. ఆ మాట నాలుగు రోజులు కూడా నిలబెట్టుకోలేదు. ఇప్పుడు సిగ్గు లేకుండా ఉత్తరం రాశావు. టూరిస్టులు వస్తున్నారట, గూళ్ళకొండ చరిత్ర ఇరవై పేజీల్లో రాసిపెట్టాలట, ఆ పాత గొడవ మాత్రం వద్దట.

ఆ కొండ సంగతి నీకేం తెలుసురా? తొలిచిన గదులు నలభై రెండు. ఒక్కోదాంట్లో రాతి మంచం, దానికి రాతి తలగడ. వాన నీరు లోపలికి దిగకుండా వాకిలి పైన సన్నని కాలువ. రోహిణి కార్తెలో కూడా లోపల చల్లగా ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ ఒక ఊరు బతికింది. పన్నెండో గదిలో ఎర్రరంగుతో రాసిన రెండు వరుసల్లో ఆ ఊరి పేరుండేది. దానికోసం ఆరేళ్ళు అర్జీలు పెట్టి పురావస్తుశాఖ ఆఫీసర్ని రప్పించాను.

పెద్దమనిషి వస్తాడంటే మన వైపు దారి పక్క రాళ్ళకు కూడా సున్నం కొడతారు. నువ్వు కొండకే కొట్టించావు, కొబ్బరిపీచుతో గోడలు తోమించి మరీ! నేను రాసుకున్న నకలు చూసి ఆఫీసరు, "ఈ రాత ఉన్న గోడ ఏదండీ, మాస్టారూ?" అన్నాడు. నువ్వు పక్కన నిలబడి నవ్వావు.

మొన్న మళ్ళీ కొండెక్కాను. ఆనాడు గోడలు తోమిన ఆడకూలీల్లో ఒకరైన జగ్గమ్మ మేకలు కాస్తూ కనబడింది. ఆగలేక తిట్టాను. కర్ర నేలకేసి కొట్టింది.

"ఏటి బాబూ, అంత కోపం? అవి రాతలని మాకేటి తెలుసు? మసి అనుకుని తోమీసినాం. ఆరేళ్ళు మా గుమ్మాల ముందునుంచే ఎక్కినావు, దిగినావు. ఒక్కనాడైనా 'ఒసే జగ్గీ, ఇలా రా, ఇది సూడు' అన్నావేటి? సదువుకున్నోడివి, నువ్వొక్కడివే దాసుకున్నావు."

కొండ దిగి వచ్చేశాను.

పుస్తకం రాస్తాను. ముందు జగ్గమ్మ అరుగు మీద చదివి వినిపిస్తాను, తర్వాతే అచ్చు. సున్నం కథ ఉంటుంది, ఆ ఆడవాళ్ళ పేర్లుండవు. నీకు తప్ప ఊళ్ళో ఎవరికీ చెప్పని మూర్ఖుడిగా నా పేరు నేనే వేసుకుంటాను. అంతమాత్రాన నిన్ను క్షమించానని సంబరపడకు. అవి అక్షరాలని తెలిసీ, మాటిచ్చీ తోమించినవాడు ఒక్కడే. వాడి పేరు ఇంటిపేరుతో సహా వేస్తాను: గేదెల తిరుమలరావు.

నీ మీద కోపం చల్లారని
జగన్నాధం