లాఖు, తల్, పుట్టుమచ్చ

బేస్తారం

రాజేశం పెద్దగైనకాంచి నా మాట నన్ను చెప్పనియ్యడు. కొడుకైతే ఏంది, సేట్లతోని నిలవడి కొట్లాడినోన్ని, నాకు నోరు లేదా?

ఇయ్యాల ఈ గుజరాత్ల, అమ్రోలిల డాక్టర్ కాడ గూడ గంతే. నా అరికాల్ల నల్లమచ్చ చూసి ఆయన గుజరాతీల, "లాఖు ఛే?" అన్నడు. రాజేశం నా దిక్కు తిరిగి, "బాపూ, పుట్టుమచ్చనేనా?" అన్నడు.

"పుట్టుమచ్చ గాక కాటుక చుక్కనారా?" అన్న.

వాడు నవ్వి డాక్టర్‌కు అవునన్నడు. డాక్టర్ ఫికర్ లేదని పంపిండు.

రిక్షాల కూసున్నంక అడిగిన, లాఖు అంటే ఏందిరా అని.

"పుట్టుకతోని వచ్చేది. తర్వాత లేస్తే తల్ అంటరు."

"అరే, ఇది నిరుడు లేకుండె గదరా!"

"మరి పుట్టుమచ్చ అంటివి?"

మన దిక్కు నిన్న లేచినా పుట్టుమచ్చనే అంటం. ఇంకేమంటం? రిక్షా మళ్లియ్యమంటే, "డాక్టర్ చూసిండు గద, ఊకో" అన్నడు. ఆయన మచ్చను యాడ చూసిండు, వీని మాట విన్నడు.

దీపావళికి నువ్వుగింజంత ఉండె. ఇప్పుడు చింతగింజంత. అంచు వంకరైంది, రాత్రి దురద పెడ్తది. ఇది ఎంతకు పోతదో...

భయమైతున్నదని వాని ముంగట అనను. పొద్దుగాల ఒక్కటే అడుగుత. మళ్ల తీస్కపోయి, ఇది లాఖు గాదు తల్ అని చెప్తవా, లేకుంటె నేనే పోయి చెప్పుకోవాల్నా? ఐతారం పొద్దుమీకే లోపల నాకు జవాబు కావాలె.