నువ్వు పెంచిన వేగం

తమ్ముడూ శ్రీనూ,

నువ్వు గల్ఫ్‌లో చనిపోయి ఇవాళ్టికి ఏడాది. కరీంనగర్‌లో ఎండ మండిపోతోంది. కూలీల హక్కుల మీద నా వ్యాసాలు నీ పాత కంప్యూటర్ మీదే రాస్తున్నాను. తెర మీద బొమ్మలు నడిపే దాని గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని, ఆటల కోసం, కంపెనీ పెట్టిన హద్దు దాటించి వెళ్లావు కదా, ఇవాళ పొద్దున తెర నిండా గీతలు పడి ఆగిపోయింది.

అప్పట్లో డబ్బా పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టేవాడివి. "గంతగనం ఉరికిస్తే సస్తదిరా" అని నేనంటే నవ్వేవాడివి. "జర గాలి తగిలితే సాలన్నా, గుర్రం లెక్క ఉర్కుతది. దీనికి గూడ యూనియన్ పెడ్తవా ఏంది?"

రిపేరు చేసే సలీం భాయ్ వచ్చి చూశాడు. "స్పీడ్ తగ్గించుండ్రి సార్, ఇంకో రెండేండ్లు నడుస్తది. గీ ఎండల గట్లనే ఉంచితే మాడిపోతది" అన్నాడు.

ఇంట్లో నీ చేతి పని అదొక్కటే మిగిలింది. మొదట మార్చబుద్ధి కాలేదు.

నడి ఎండలో నీతో ఇనుప చువ్వలు మోయించి, చివరికి 'సహజ మరణం' అని కాగితం రాసిచ్చిన వాళ్ల మీద ఎన్ని వ్యాసాలు రాశానో! ఒక్కడూ జవాబివ్వలేదు. అలసిపోయానురా.

దీన్ని కూడా ఎండకు పోగొట్టుకోలేక వేగం తగ్గించాను. రెండు నిమిషాల పని. అక్కడ నిన్ను నీడన కూర్చోబెట్టడానికి నీ మేస్త్రీకి ఆ రెండు నిమిషాలు దొరకలేదు.

ఫ్యాన్ మాత్రం నువ్వు పెట్టిన చోటే తిరుగుతోంది.

అన్న