పాచి పట్టని బావి

ఫిబ్రవరి 3

మళ్లీ చెరువు. వాగు వచ్చి కలిసే మూల నీళ్లు, అడుగు మట్టి తీశాను. మట్టి నల్లగా, కిరోసిన్ వాసన. ఏడో నెలలో ఫీల్డ్‌వర్క్ ఏంటని మా గైడ్ బద్రీనాథ్ సార్ కోప్పడ్డారు. ఆ నోటితోనే థీసిస్ ఎప్పుడిస్తావనీ అడిగారు.

ఫిబ్రవరి 5

కంట్రోల్ శాంపిల్ కావాలి. ఫ్యాక్టరీల మురికి సోకని చోటి నీళ్లూ మట్టీ అన్నమాట. వాటితో పోలిస్తేనే చెరువు ఎంత పాడయిందో తేలేది. పటాన్‌చెరు చుట్టుపక్కల అలాంటి చోటెక్కడిది? సార్ మెదక్ దాకా వెళ్లమన్నారు. మా పెరట్లో బావి ఉండగా మెదక్ దేనికి?

మా అత్తమ్మ మొగులమ్మకు ఆ బావి అంటే ప్రాణం. పాచి పట్టది, కప్ప చేరది, దోమ వాలది, గింత మంచి నీళ్లు మండలంలనే లేవు అని వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. నాకు నెల తప్పిందని తెలిసిన రోజే ఆర్వో మిషన్ ఆపేసింది. మిషిన్ నీళ్లల్ల బలముండదంట, బిడ్డకు బాయి నీళ్లే మంచియంట. నిజంగానే తియ్యగా ఉంటాయి.

ఫిబ్రవరి 6, మధ్యాహ్నం

బావి అడుగు మట్టి తీశాం. తాడు మా ఆయన మల్లేష్ పట్టుకున్నాడు. మట్టిలో ఒక్క పురుగు లేదు. పైనున్న వేపచెట్టు రాల్చిన ఆకులు రాలినవి రాలినట్టే ఉన్నాయి. అడుగునెక్కడో ఉన్నవి కూడా కుళ్లలేదు. ఎంత సాఫ్‌గున్నదో సూడు అని మల్లేష్ మురిసిపోయాడు. నేను సీసా మీద కంట్రోల్ అని రాసుకున్నాను.

ఫిబ్రవరి 14

కంట్రోల్ శాంపిల్, అంటే మా బావిది, చెరువు కన్నా ఎక్కువ విషం చూపిస్తోంది. సీసాలు తారుమారు చేసి ఉంటాను. ఈమధ్య మతిమరుపు.

ఫిబ్రవరి 19

తారుమారు కాలేదు. మళ్లీ తీసి, మళ్లీ చేశాను. ఆర్సెనిక్, సీసం, ఎప్పుడో నిషేధించిన పురుగుమందు. సార్ తలుపు వేసి, ఇది ఎక్కడి బావి అమ్మా అన్నారు. చెప్పాను. ఎవరు తాగుతున్నారని అడిగారు. ఆయన చూపు నా పొట్ట మీద పడి, చప్పున పక్కకు తిరిగింది.

బస్సులో ఏడ్చాను. ఇంత చదివి, పాచి లేదంటే శుభ్రమనుకున్నాను. కప్ప చేరదన్నప్పుడే భయపడాల్సింది. ఆ నీళ్లను నమ్ముకుని బతికే ప్రాణి ఏదీ లేదు, మేం తప్ప.

ఫిబ్రవరి 20

అత్తమ్మకు చెప్పాను. ఇన్నేండ్ల సంది తాగుతున్న, నాకేమైందే అంది. కాసేపటికి తనే వెళ్లి బావి మీద రేకు కప్పి, రాయి పెట్టి వచ్చింది. అన్నం ముట్టలేదు. నేనే తాపిచ్చిన గదా అని ఒక్కసారి అంది.

మార్చి 11

స్కాన్ నార్మల్. బిడ్డ పెద్దగా కదలడం లేదన్నాను. కొందరు నెమ్మదస్తులుంటారని డాక్టరమ్మ నవ్వింది.

ఏప్రిల్ 22

పాప. మంచి బరువు. అన్నీ బాగున్నాయన్నారు. దేవుడా, థాంక్స్.

మే 9

పాప ఏడవదు. ఆకలేసినా, టీకా సూది గుచ్చినా. కళ్లు తెరిచి చూస్తూ ఉంటుంది. చూడవచ్చినవాళ్లంతా ఎంత నిమ్మలంగున్నదో, తల్లికి జెర గూడ తిప్పల లేదని మెచ్చుకుంటున్నారు.

ఈరోజు వాళ్లు వెళ్లిపోయాక అత్తమ్మ పాప అరికాలు గిల్లింది. మళ్లీ, ఇంకొంచెం గట్టిగా గిల్లింది.

తర్వాత నావైపు చూడలేదు.