చల్లారితేనే నోరు విప్పే కారు

అంకులి, బరంపురం.
సోమవారం పొద్దున్న.

అంకులి వీధిలోని సమస్త మనుషులకు, ఆవులకు, పాల ప్యాకెట్ల కోసం కాచుకునే పిల్లులకు ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: ఢిల్లీశ్వరరావు అనే నేను నిన్న ఉప్మా మాడ్చలేదు. అడుగంటింది. మాడడం వేరు, అడుగంటడం వేరు. అభ్యంతరాలున్నవారు విశాఖపట్నంలో కూతురింట్లో ఉన్న నా భార్య ఉషారాణికి చెప్పుకోవచ్చు. గిన్నె ఆమెదే.

ఉషా, ఇక్కడ నేనూ కారూ క్షేమం. నాకు దగ్గు లేదు, దానికి ఉంది. అక్కడ నువ్వూ, చందనా, మన మనవరాలూ హాయిగా ఉన్నారనుకుంటున్నాను.

నీ ఉత్తరానికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. తులసికి నీళ్లు పోస్తున్నాను. పక్కింటి వైకుంఠరావు గేటుకు 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని అట్ట కట్టింది నేను కాదు. సరే, నేనే. ఇక అసలు ప్రశ్న. "కారులో పొగ ఆగిందా లేదా? ఫోన్లో చెప్పొద్దు, కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అన్నావు. పోయినసారి మెకానిక్ నరసన్న గొంతుతో ఫోన్లో మాట్లాడింది నేనే. వాడు నిన్ను అక్క వరసన 'అప్పా' అంటాడని మరిచిపోయి 'మేడం' అన్నాను. అదే నా కొంప ముంచింది.

వచ్చే ఆదివారం మీరు రైలు దిగుతారు. చందన పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది ఈ అంబాసిడర్‌లోనే. దాని కూతురూ ఇందులోనే మన గుమ్మం ముందు దిగాలని నా పట్టు. లోపలికి పొగ కొట్టే బండిలో పసిదాన్ని ఎక్కించనని నీ పట్టు. నీ మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

రోగం ఎక్కడో నాకు తెలుసు. ఇంజను నుంచి పొగను గొట్టంలోకి పంపే మేనిఫోల్డు దగ్గర అతుకు వదులైంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టకటకటక అని వీధంతా మోగుతుంది. గేట్ బజార్ వెనక నరసన్న షెడ్డుకు చేరేసరికి ఇనుము వేడెక్కి ఉబ్బి, సందు ఇంచుమించు మూసుకుంటుంది. చప్పుడు మాయం.

"ఏదీ బావా సప్పుడు? నీ సెవుల్లో ఉందేటి?" అన్నాడు నరసన్న.

"ఒట్టు. ఇంటి దగ్గర మోగింది."

"నా స్కూటర్ డిక్కీలో ఎండుచేపలెట్టినప్పుడూ ఒట్టే ఎట్టినావు. సబు మిచ్ఛ! ఎల్లెల్లు, పనుంది."

అంతా అబద్ధమని ఒడియాలో అన్నాడంటే వాడికి నిజంగా కోపం వచ్చినట్టే. ఎప్పుడో ఒకసారి నిజం చెబితే నాకు పట్టిన గతి చూడు. ఎన్నిసార్లు తీసుకెళ్లినా అంతే. వాడి గుమ్మం ముందు ఈ కారు మౌనవ్రతం పట్టేది. నా దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

చివరికి బండిని షెడ్డులోనే వదిలేసి, మర్నాడు తెల్లారగానే వెళ్లి వాడి ముందే స్టార్ట్ చేశాను.

"ఓరి బావోయ్, నిజమేటి!"

అగరొత్తి వెలిగించి అతుకు పొడుగునా తిప్పాడు. ఒకచోట దాని పొగ ఎవరో ఊదినట్టు చెదిరింది. విప్పి, అతుకులో పొగ ఆపే ప్యాకింగ్ మార్చాడు. రెండు రోజులు బుద్ధిగా ఉండి మళ్లీ టకటక. మళ్లీ విప్పి గాజు పలక మీద ఆనించి చూస్తే మేనిఫోల్డు అంచే వంకర. లేత్ మీద చదును చేయించాం. బిగిస్తుంటే బోల్టు విరిగి ఇంజనులోనే ఉండిపోయింది. తిట్టుకుంటూ దాన్నీ తీసి, కొత్తది బిగించి, నిన్న స్టార్ట్ చేస్తే అగరొత్తి పొగ తిన్నగా పైకి లేచింది. నరసన్న చేతులు తుడుచుకుని, "ఇంక పసిదాన్ని ఎక్కించీ బావా. నా మాటగా అప్పకి రాయి" అన్నాడు. వెనక సీటుకు కొత్త గుడ్డ కూడా వేయించాను.

ఇంతవరకూ రాసి, సంతకం పెట్టి, కవరు అంటించి పోస్టు డబ్బా దాకా వెళ్లాను. వెనక్కి వచ్చాను. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. మళ్లీ డబ్బా దాకా వెళ్లాను, మళ్లీ వచ్చాను. వైకుంఠరావు "ఏటి, ఏదైనా పారేసుకున్నావా?" అని అడిగాడు. 'లేదండీ' అని మర్యాదగా చెప్పాను. నాకు ఒంట్లో బాగాలేదని వాడికి అర్థమైపోయింది.

ఇంటికొచ్చి కారు స్టార్ట్ చేసి, వెనక సీట్లో, పసిదాన్ని పడుకోబెట్టాలనుకున్న చోట తల పెట్టాను. కాసేపటికే కళ్లు మండాయి. దిగి వచ్చి కవరు చింపాను.

ఉషా, ఆ విరిగిన బోల్టు ఇంకా ఇంజనులోనే ఉంది, ఆదివారం లోపల రాదట. అయినా పసిదాన్ని ఎక్కిస్తానని నిన్న నేను గొడవపడుతుంటే నరసన్న అన్నది ఇది: "నీకు తలనొప్పొస్తే టీ తాగుతావు బావా. ఆ పిల్ల ఏటి సేస్తాది?"

స్టేషన్ దగ్గర ఆటో నేనే మాట్లాడి ఉంచుతాను. మీరు అందులో రండి. నేను కారులో, అద్దాలన్నీ దించుకుని, ఖాళీగా మీ వెనక వస్తాను. దూరంగానే వస్తాను.

ఉప్మా సంగతి నువ్వొచ్చాక తేల్చుకుందాం. పసిదాన్ని ఎక్కించమని మాత్రం నరసన్న అననే లేదు. ఆ మాట మొత్తం నేను కల్పించిందే.

ఇట్లు,
ఆటో వెనక వచ్చే తాత,
ఢిల్లీశ్వరరావు